పెదవి తగలని పద్యం, గోధుమ తగలని రొట్టె

దండి ‘దశకుమార చరితం’లో మంత్రగుప్తుడు తన కథ చెప్పే వంతు వచ్చేసరికి అతని పెదవి నొప్పిగా ఉంటుంది. ప్రియురాలి పంటిగాటు అది. పెదవీ పెదవీ కలిస్తే బాధ. అందుకని ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలు ఒక్కటీ దొర్లకుండా కథ మొత్తం చెప్పుకుపోతాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు కుతుబ్‌షాహీల కాలంలో ఇదే నియమాన్ని రామకథ మీద పెట్టుకున్నాడు. రాముడి పేరులోనే ‘మ’ ఉంది. నాయకుడి పేరు పలకడానికే వీల్లేని కావ్యం! అందుకే దానికి ‘దశరథరాజనందన చరిత్ర’ అని పేరు పెట్టుకున్నాడు.

ఇలా పెదవులు కలవకుండా సాగే నిరోష్ఠ్య కావ్యం చదువుతుంటే మొదట కాసేపు తప్పు కోసం వెతుకుతాం. ఎక్కడో ఒక ‘బ’ జారిపడకపోతుందా అని కాచుకుని కూర్చుంటాం. కొంత దూరం పోయాక ఆ వెతుకులాట దానంతట అదే ఆగిపోతుంది. త, ద, నలూ, క, గలూ, రేఫలూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు చెవిన పడుతుంది. మామూలు పద్యంలో మకారాల మెత్తదనం కింద అణగి ఉండే చప్పుడది. అక్షరాలు ఐదు తీసేస్తే భాష తగ్గిపోవాలి. తగ్గలేదు. ఇంతకాలం వినపడని గొంతు ఒకటి పైకి వచ్చింది.

గ్లూటెన్ లేని రొట్టెను నిజంగా బాగా కాల్చిన బేకరీలో, చల్లారిన రొట్టెను కోసి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు కలిగే ఆనందం ఈ జాతిది. మంత్రగుప్తుడి నియమం సరదాకు పుట్టలేదు, ఒంటి గాయంలోంచి పుట్టింది. ఈ రొట్టె నియమమూ అంతే. పోలిక అక్కడిదాకా కుదురుతుంది కాబట్టే దీన్ని వంటల శీర్షిక కింద కాకుండా రసచర్చ కింద రాస్తున్నాను.

ఈ నియమం ఎంత పెద్దదో తెలియాలంటే ముందు గోధుమ గొప్పతనం ఒప్పుకోవాలి. 1728లో బొలోన్యా పండితుడు యాకొపో బెక్కారి గోధుమపిండి ముద్దను నీళ్ళలో పిసికి పిసికి కడిగి, గంజి అంతా పోయాక చేతిలో మిగిలిన సాగే పదార్థం గురించి తోటి పండితులకు వివరించాడు. 1745లో అది అచ్చయింది. ఆ సాగే పదార్థమే గ్లూటెన్. పిండిలోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులు నీళ్ళు తగలగానే ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుతాయి. ఈస్ట్ విడిచే గాలి ఆ వలలో చిక్కుకుంటుంది. వల సాగుతుంది కానీ తెగదు. పరోటా మాస్టర్ మైదా ముద్దను పలక మీద విసిరి విసిరి అవతలి మనిషి కనిపించేంత పల్చగా సాగదీస్తాడే, తాపేశ్వరం కాజా పొర పొరగా విచ్చుకుంటుందే, ఇరానీ హోటల్ బన్ను నొక్కి వదిలితే తిరిగి లేస్తుందే, అన్నీ ఆ వల పనులే. రొట్టె అనగానే మన మనసులో మెదిలే రూపానికి వెన్నెముక అది.

ఆ వెన్నెముకే కొందరికి విషం. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే వాళ్ళ రోగనిరోధక వ్యవస్థ వాళ్ళ చిన్నపేగు గోడ మీదికే తిరగబడుతుంది. తిన్నదాన్ని పీల్చుకునే సన్నటి నూగు అక్కడ ఉంటుంది. అది అరిగి చదునైపోతుంది. బిడ్డ తింటూనే ఉంటుంది, ఒంటికి పట్టదు. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని వైద్యుల అంచనా. మన దేశంలో గోధుమ తినే ఉత్తరాదిన ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. జీవితాంతం గోధుమ, బార్లీ, రై ముట్టకుండా ఉండటమే ఇప్పటికీ దీనికి వైద్యం.

ఆ సంగతి కనిపెట్టడానికే అరవై ఏళ్ళు పట్టింది. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ, ఈ జబ్బంటూ నయమైతే ఆహారంతోనే నయం కావాలని చెప్పాడు. ఏ ఆహారమో ఆయనకు అంతుపట్టలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టి పిల్లల్ని బతికించాడు. మేలు చేసింది అరటిపండు కాదు, దాని పేరు చెప్పి మాన్పించిన రొట్టె అని తర్వాత తేలింది. తేల్చినవాడు విల్లెం కారెల్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. ఆయనకు గోధుమ మీద అనుమానం ముందునుంచే ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువు వచ్చింది. దేశం ఆకలితో చిక్కిపోతున్న రోజుల్లో ఈ పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగొచ్చాక మళ్ళీ మంచాన పడ్డారు. 1950లో డికె తన సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఊరంతటికీ రొట్టె దొరికిన రోజు తన బిడ్డకు జబ్బు తిరగబెట్టిన తల్లి ఏమనుకుని ఉంటుందో ఊహించగలిగితే, ఈ బేకరీలు చేసే పని విలువ తెలుస్తుంది.

ఇక బేకరీ లోపలికి వెళదాం. అందం అక్కడ గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

మామూలు బేకరీకీ దీనికీ తేడా అద్దాల బీరువాలో కనిపించదు. వంటగదిలో కనిపిస్తుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. కిలో రొట్టెలో అంతకు మించి గ్లూటెన్ ఉంటే ‘గ్లూటెన్ లేనిది’ అని రాయకూడదు. మన దేశపు ఆహార భద్రతా ప్రాధికార సంస్థదీ అదే అంకె. ఒక్క చిటికెడు మైదా చాలు, ఆ హద్దు దాటిపోవడానికి. మైదా కంటికి కనిపించకుండా గాలిలో గంటల తరబడి తేలుతుంది. చెక్క అప్పడాల కర్ర పగుళ్ళలో దాక్కుంటుంది. జల్లెడ కంతల్లో, గీతలు పడిన ట్రేలలో, ఓవెన్ ఫ్యాను రెక్కల మీద ఉండిపోతుంది. ఎంత కడిగినా చెక్కను నమ్మకూడదు. అందువల్ల ఈ పని తెలిసినవాళ్ళు పూటకొక రకం కాల్చుకుందామనుకోరు. అసలు మైదా బస్తా గుమ్మం దాటనివ్వరు. పనివాళ్ళు మధ్యాహ్నం చపాతీ డబ్బా లోపల విప్పకూడదు. పిండి బయట పట్టించకూడదు. మన ఊరి పిండిమరలో గోధుమలు పట్టిన రాళ్ళ మధ్యే జొన్నలు పోస్తే వచ్చేది జొన్నపిండి మాత్రమే కాదు కదా. కొందరు అందుకే సొంత మర పెట్టుకుంటారు.

దీన్ని మడి అనాలనిపిస్తుంది. మన ఇళ్ళలో మడి ఎందరినో గడప బయట నిలబెట్టింది. ఈ మడి మాత్రం ఏ హోటల్ గడపా తొక్కలేనివాళ్ళను లోపలికి పిలవడానికి పుట్టింది. నిరోష్ఠ్య కావ్యంలో ఒక్క ‘మ’ పడినా అది నిరోష్ఠ్యం కానట్టే, ఇక్కడ ఒక్క పొరపాటుతో రొట్టె మొత్తం అర్థం తప్పుతుంది. శుభ్రంగా తుడిచిన ఉక్కు బల్లలు, రాత్రి వరసగా బోర్లించిన ట్రేలు, మూత గట్టిగా బిగించిన పిండి డబ్బాల మీద పెద్ద అక్షరాలు చూసినప్పుడు నాకు ఛందస్సు తెలిసిన కవి చేతిరాత ప్రతి చూసినట్టుంటుంది. రుచి ఇంకా చూడకముందే అక్కడ ఒక రసం పుడుతుంది. అది శాంతం అనుకుంటాను.

అసలు విద్య పిండి కలిపే దగ్గర ఉంది.

గోధుమపిండి ముద్ద చేతికి ఎదురు తిరుగుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి పోతుంది. గోధుమ లేని పిండికి ఆ పౌరుషం లేదు. అది ముద్ద కానే కాదు, జారుడు. పిండి బరువు ఎంతో నీళ్ళూ ఇంచుమించు అంతే, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోస్తారు. బల్ల మీద వేసి గుద్దే పని లేదు. గుద్ది లేపడానికి అందులో వల లేదు. గరిటెతో తీసి నూనె రాసిన అచ్చులో పోసి, తడి చేత్తో పైభాగం నున్నగా సవరిస్తారు. మామూలు రొట్టెను రెండుసార్లు పొంగనిచ్చే ఆచారం చాలాచోట్ల ఉంది. దీనికి సాధారణంగా ఒక్క పొంగే. ఆ పొంగు ఎక్కువైతే ఓవెన్‌లో కూలిపోతుంది, తక్కువైతే ఇటుకవుతుంది. మధ్యలో కాస్త సమయం ఉంటుంది. ఆ కాస్త సమయం గడియారంలో ఉండదు. ఆ రోజు ఎండలో, తేమలో, పిండి వాసనలో ఉంటుంది. మంచి బేకరు అచ్చు పక్కన నిలబడి పైపొర మీద సూదిమొన పొడిచినట్టు గాలి కన్నాలు మొదలవగానే ఓవెన్ తలుపు తీస్తాడు. ఆ చూపు చదువుకుంటే వచ్చేది కాదు.

వల లేనిచోట గాలిని ఎవరు పట్టి ఉంచాలి? ఇక్కడే మన నేల ఈ కథలోకి వస్తుంది. ప్రపంచంలోని గ్లూటెన్ లేని రొట్టెల్లో చాలావాటికి పట్టు ఇచ్చేది గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన బంక. మనం కూర వండుకునే గోరుచిక్కుడే. ఆ గింజను ప్రపంచంలో అత్యధికంగా పండించేది మన దేశం, మన దేశంలో రాజస్థాన్ ఎడారి పొలాలు. ఇంకోటి ఇసబ్గోల్ పొట్టు. మలబద్ధకానికి రాత్రిపూట నీళ్ళలో కలుపుకుని తాగే ఆ పొట్టు గుజరాత్‌లో పండుతుంది. నీళ్ళు తగలగానే ఉబ్బి జిగురవుతుంది. దాంతో కలిపిన పిండిని చేత్తో ఉండ చేయవచ్చు, చుట్టవచ్చు, ఆకారం ఇవ్వవచ్చు. జోధ్‌పూర్ వైపు ఇసుకలో వాన కోసం ఎదురుచూసే రైతుకూ, రోమ్ నగరంలో పుట్టినరోజు కేకు కోసే పిల్లకూ మధ్య ఈ జిగురు ఒక బంధుత్వం కలిపింది. ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

బంక లేకుండానూ సాధ్యమేనని జపాన్ వాళ్ళు చూపించారు. 2017లో హిరోషిమా విశ్వవిద్యాలయం, అక్కడి జాతీయ వ్యవసాయ, ఆహార పరిశోధన సంస్థ కలిసి ఒక సంగతి వివరించాయి. బియ్యాన్ని తడిగా మరపట్టి, గంజి రేణువులు చితకకుండా చూసుకుంటే, ఆ చెక్కుచెదరని రేణువులే గాలిబుడగల చుట్టూ చేరి వాటిని పగలకుండా కాపాడతాయి. బియ్యప్పిండి, నీళ్ళు, ఈస్ట్, పంచదార, ఉప్పు, నూనె. ఇవి చాలు, రొట్టె పొంగుతుంది. ఆ వివరణ చదువుతుంటే నాకు సంక్రాంతి ముందు రోజుల రోలు గుర్తొచ్చింది. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించే తడిపిండి. అరిసెకు పొడిపిండి పనికిరాదని మన ఆడవాళ్ళు ఎన్ని తరాలుగా చెబుతున్నారో. పిండి తడి ఆరిపోతోందని జల్లెడ మీద గుడ్డ కప్పే ఆ తొందర వెనక ఇంత శాస్త్రం ఉంది. రేణువు చితకని పిండి నోట్లో వేరేగా కరుగుతుందని వాళ్ళ వేళ్ళకు తెలుసు.

ఓవెన్‌లో జరిగేది ఇంకో ఘట్టం. బియ్యపు గంజి వేడెక్కేకొద్దీ నీళ్ళు తాగి, ఉబ్బి, ముద్దగా మారుతుంది. ఈ రొట్టెలో గోడలు కట్టేది ఆ గంజే. గోధుమ రొట్టె నిలబడటానికి వలా గంజీ రెండూ ఉంటాయి, ఇక్కడ భారమంతా గంజిదే. కాలిన వెంటనే ఆ గోడలు ఇంకా పచ్చి. వేడి వేడిగా కోస్తే కత్తికి అంటుకుని ముద్దవుతుంది. పూర్తిగా చల్లారాలి. చల్లారేకొద్దీ గంజి గట్టిపడి తన రూపం తాను తెచ్చుకుంటుంది. అందుకే ఈ బేకరీల్లో పొద్దున్నే వేడి రొట్టె అడిగేవాళ్ళను కాసేపు కూర్చోబెడతారు. జాలీ బల్లల మీద వరసగా ఆరుతున్న రొట్టెల దగ్గర చెవి పెట్టి వినండి. పైపెచ్చు చల్లారుతూ చిటపటమని సన్నగా పలుకుతుంది.

ఇప్పుడు ముక్క నోట్లోకి.

మొదట పంటికి తగిలేది పెచ్చు. మైదా రొట్టె పెచ్చు సాగుతుంది, దాన్ని లాగి తెంపాలి. బియ్యప్పిండి రొట్టె పెచ్చు పెళుసు. పెళ్ళున విరిగి నోట్లో నూకలవుతుంది. అన్నం గిన్నె అడుగున మిగిలే మాడు రుచి ఎరిగిన తెలుగువాడికి ఆ నూకలు పరాయివి కావు. దాని వెనకే లోపలి మెత్తదనం వస్తుంది. తేమగా, చల్లగా, కొంచెం బరువుగా ఉంటుంది. నమిలేకొద్దీ తీపి. తర్వాత, ఆ పిండిలో ఏయే ధాన్యాలు కలిపారో అవి ఒక్కొక్కటే మాట్లాడటం మొదలుపెడతాయి. జొన్న కలిపితే ఎండపొలం వాసన, వెనకాల సన్నటి చేదు. రాగి కలిపితే మట్టి, కోకో కలగలిసిన ముదురు రుచి. బక్‌వీట్ కలిపితే వేయించిన నువ్వులకు దగ్గరగా వచ్చి ఆగిపోయే ఘాటు. సజ్జకు నూనె జిడ్డు, దాని వెంట కమ్మదనం. మైదా రొట్టెలో ధాన్యం వాసన వెతుక్కోవాలి. అది వెన్నకో జామ్‌కో కూరకో ఆసరాగా ఉండిపోవడానికి ఒప్పుకున్న రొట్టె. ఈ రొట్టెలో పిండే నాయకుడు. ఐదు అక్షరాలు తీసేస్తే మిగతా అక్షరాలు వినపడినట్టు, గోధుమ తప్పుకున్నాక మిగతా ధాన్యాల గొంతులు వినపడుతున్నాయి.

అన్ని గ్లూటెన్ రహిత రొట్టెలూ ఇలా ఉండవు. చాలావరకు బాగుండవు, ఆ మాట దాచుకోనక్కర్లేదు. సూపర్‌మార్కెట్ అరల్లో ప్లాస్టిక్ కవర్లలో పడుకున్న తెల్లటి ముక్కలు మైదా బ్రెడ్‌ను అచ్చు గుద్దాలని చూస్తాయి. తెలుపు కోసం మొక్కజొన్న గంజి, మెత్తదనం కోసం బంక మీద బంక, రుచి లేదని పంచదార. చేత్తో పట్టుకుంటే పొడి, నోట్లో పెట్టుకుంటే జిగట. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యం అన్నాడు. ఆ ప్రాణం ఇక్కడ లేదు. నిరోష్ఠ్యం రాస్తూ ‘రాముడు’ అనాల్సిన చోట ఇంకేదో అక్షరంతో సరిపెట్టి రాముడిలా వినిపించమని ప్రాధేయపడే కవిలా ఉంటుంది ఆ రొట్టె. సింగరాచార్యులు ఆ పని చేయలేదు. దశరథరాజనందనుడన్నాడు. పేరు మారింది, గాంభీర్యం పెరిగింది. మంచి బేకరీ చేసేదీ అదే. బియ్యాన్ని మైదా వేషం వెయ్యమనదు.

కొన్ని దేశాల్లో ఆ ఔచిత్యం వందల ఏళ్ళుగా ఉంది. స్పెయిన్‌లో గలీసియా వాళ్ళు చేసే సంతియాగో కేకులో బాదంపిండి, గుడ్లు, పంచదార, కొంచెం నిమ్మతొక్క, అంతే. పైన చక్కెరపొడిలో శిలువ గుర్తు అచ్చు తీస్తారు. ఎవరి జబ్బు కోసమూ పుట్టలేదు అది. అయినా గోధుమ తినలేనివాళ్ళు నిశ్చింతగా తినగల అందగత్తె. బ్రెజిల్‌లో మినాస్ జెరైస్ ప్రాంతపు జున్ను ఉండలు కర్రపెండలం గంజితో చేస్తారు. ఆ గంజిని పులియబెట్టి ఎండలో ఆరబెడతారు. ఆ పులుపూ ఎండా కలిసి దానికి ఈస్ట్ లేకుండా ఓవెన్‌లో ఉబ్బే శక్తి ఇస్తాయి. పైన పెళుసు, లోపల సాగే జున్ను. ఇథియోపియాలో టెఫ్ పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా ఉంది. మన దోసెకు దూరపు అక్క. పారిస్‌లో షాంబెల్లాన్ అనే బేకరీ బియ్యప్పిండి రొట్టెలకు పేరు పొందింది. రొట్టె గురించి ప్రపంచానికి పాఠం చెప్పే ఊళ్ళో, బియ్యపు రొట్టె కోసం జనం నిలబడటం చిన్న సంగతి కాదు.

ఇటలీ గురించి కూడా చెప్పాలి. పాస్తా, పిజ్జా లేకుండా రోజు గడవని దేశం అది. 2005లో 123వ నంబరు చట్టం చేసి సీలియాక్‌ను సామాజిక వ్యాధిగా గుర్తించింది. జబ్బు నిర్ధారణ అయినవాళ్ళకు గ్లూటెన్ లేని ఆహారం కొనుక్కోవడానికి ప్రజారోగ్య వ్యవస్థ నెలనెలా కొంత సొమ్ము ఇస్తుంది. బడి భోజనాల్లో కూడా వాళ్ళకు వేరే వంట అడిగే హక్కు ఉంది. రొట్టెను తిండిగా మాత్రమే చూసే ప్రభుత్వం ఇలాంటి చట్టం చేయదు. పదిమందితో కలిసి కూర్చుని తినడం మనిషి హక్కని నమ్మిన దేశం చేసిన చట్టం అది.

మన దగ్గరికి వస్తే, ఈ విద్యలో మనం ఎవరికీ తీసిపోం. మన వంటింట్లో సగం గోధుమ ఎరగని వంటలే. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె చేసే చేతులు చూడండి. పిండిలో ఉడుకునీళ్ళు పోస్తారు. వేడికి జొన్న గంజి కొంత ఉడికి జిగురిస్తుంది, అదే గ్లూటెన్ లేనిచోట పట్టు. అరచేతి మడమతో మెదిపి, పీట మీద తిప్పుతూ తట్టుతూ అంచు పగలకుండా సాగదీస్తారు. పాతపిండి అయితే అంచు విరుగుతుంది, కొత్తపిండి అయితే నున్నగా వస్తుంది. పెనం మీద వేసి తడిగుడ్డతో పైన రాసి తిప్పగానే ఉబ్బుతుంది. ఓరుగల్లు వైపు సర్వపిండి ఉంది. గిన్నెకు అద్దిన బియ్యప్పిండి మీద వేలితో కన్నాలు పెట్టి నూనె పోస్తే, ఆ కన్నాల చుట్టూ కరకరలు, మధ్యలో మెత్తన. ఇక ఆత్రేయపురం పూతరేకు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగు. కన్ను మూసి తెరిచేలోగా అవతలి వెలుతురు కనిపించే రేకు ఊడి వస్తుంది. మైదాను పల్చగా సాగదీయడానికి గ్లూటెన్ వల కావాలి. ఆత్రేయపురం ఆడవాళ్ళు గంజితోనే ఆ పల్చదనం సాధించారు. 2023లో ఆ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గ్లూటెన్ లేని పిండివంటల్లో నాకు తెలిసినంతలో అంత సున్నితమైన పని ఇంకోటి లేదు.

అయినా మన ఇళ్ళలో ఒక చోట గోధుమ చప్పుడు కాకుండా కూర్చుని ఉంటుంది. ఇంగువ డబ్బాలో. మార్కెట్లో దొరికే కూటు ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. బియ్యంతో వండాం కదా అని పులిహోర, చింతపండు పులుసు, మజ్జిగచారు నిశ్చింతగా వడ్డిస్తాం. సీలియాక్ ఉన్న అతిథికి అది గోధుమ పెట్టినట్టే. బార్లీ మాల్ట్ వేసిన పాలపొడులూ, గోధుమ వేసి చేసే సోయాసాసూ అలాంటివే. మంచి గ్లూటెన్ రహిత బేకరీలో కూర పఫ్‌కు కూర వండేవాళ్ళు ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదువుతారు. అంత చిన్న అక్షరాల చదువు కూడా ఆ రుచిలో భాగమే.

గల్లాపెట్టె దగ్గర జరిగే సంభాషణకు ఒక అందం ఉంది. మామూలు బేకరీలో “ఇది ఎంత?” అని అడుగుతారు. ఇక్కడ “ఇందులో ఏముందండీ?” అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగి అడిగి అలసిపోయినవాళ్ళు అడుగుతారు. పెళ్ళిళ్ళలో, ఆఫీసు పార్టీల్లో, చుట్టాల ఇళ్ళలో, “కొంచెం తింటే ఏం కాదులే అమ్మా” అన్న మాట విని విని తల వంచుకున్నవాళ్ళు. బేకరు ఒక్కొక్క పేరూ చెబుతాడు. కొందరికి గోధుమతోపాటు పాలు కూడా పడవు, కొందరికి గుడ్లు. శనగలు ఉడికించిన నీళ్ళు గిలకొడితే గుడ్డు తెల్లసొనలాగే నురగ వస్తుంది, దాంతో కేకు లేపుతారు. బాదంపిండి గోధుమ మానినవాడికి వరం, గింజల ఎలర్జీ ఉన్నవాడికి ప్రాణగండం. అందువల్ల ఒక్కరికి సరిపోయిన నియమం ఇంకొకరికి సరిపోదు. ప్రతి రొట్టె వెనక ఎవరో ఒక మనిషి ఉంటాడు. కావ్యానికి సహృదయుడు కావాలని ఆలంకారికులు అంటారు. ఇంత ఆకలిగా, ఇంత ఎరుకతో, ఇన్నేళ్ళ ఎదురుచూపు తర్వాత కేకు ముక్క నోట్లో పెట్టుకునే పదేళ్ళ పిల్లను మించిన సహృదయురాలిని ఏ కవి సంపాదించుకున్నాడు? ఆ పిల్ల మొదటి ముక్కను నమలదు. నాలుక మీద పెట్టుకుని ఆగుతుంది. పక్కన తల్లి ముఖం చూడాలి.

ఈ రొట్టెకు ఆయుష్షు తక్కువ. గంజి మీద నిలబడింది కాబట్టి మర్నాటికే బిరుసెక్కుతుంది. కాల్చిన రోజునే తినాలి, లేదంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని పెనం మీద వేడి చేసుకోవాలి. ధర కూడా ఎక్కువే. సొంత మర, విడి వంటగది, పరీక్షల ఖర్చు అందులో ఉంటాయి. ఆ ధర చూసి మొహం చిట్లించేవాళ్ళు ఒక్కసారి ఆ వంటగది చూసి రావాలి.

హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖలోనూ బేకరీలు నడిపే మిత్రులకు నా విన్నపం. జొన్నలు మన పొలాల్లో ఉన్నాయి, తడిపిండి తీసే చేతులు మన ఇళ్ళలో ఉన్నాయి, కర్రపెండలం గోదావరి మెట్టల్లో పండుతోంది. కావలసింది మైదా అడుగుపెట్టని ఒక గది, ఒక ఓవెన్, ఒక మర. అవి అమర్చుకోగలిగితే ఈ రొట్టె మొదలుపెట్టండి. మైదా బ్రెడ్‌లా ఉండాలని పట్టుపట్టకండి, జొన్నను జొన్నలా కాల్చండి. ఆ గది కట్టడం ఇప్పుడప్పుడే కుదరకపోతే మాత్రం, దయచేసి ‘గ్లూటెన్ లేదు’ అన్న బోర్డు పెట్టకండి. ఆ బోర్డు నమ్మి తినేవాళ్ళు ఉంటారు.